జ్వరాన్ని దాచుకోవలసిన అవసరం రాని ఊరు: మహమ్మారి వేళ యువజన సంఘం చేయగలిగిన పని

నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక గ్రామానికి చెందిన యువజన సంఘం కార్యదర్శి అడిగిన ప్రశ్న ఇది. వారి సంఘంలో 34 మంది సభ్యులున్నారు. గణపతి నవరాత్రుల చందాలో మిగిలిన 46 వేల రూపాయలు బ్యాంకులో ఉన్నాయి. ఊరి నడుమ ఒక కమ్యూనిటీ హాలు ఉంది. కరోనా కాలంలో వారు పొలిమేరలో ముళ్లకంచె వేశారు, వీధుల్లో మందు పిచికారీ చేశారు, ఇంటింటికీ కూరగాయలు పంచారు, అయినా ఊళ్లో ఏడుగురు చనిపోయారు. మళ్లీ అలాంటి వ్యాధి వస్తే సంఘం ఏం చేయాలి, దారులు మూయడం సరైన పనేనా, ఉన్న డబ్బుతో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి రోగికి అందించే యంత్రం) కొని పెట్టుకుంటే మంచిదా అని ఆయన అడుగుతున్నారు.

నేను ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. 2006లో చికున్‌గున్యాతో ఊళ్లకు ఊళ్లు మంచాన పడటం, 2009 మేలో దేశంలోని తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడటం, ఆ తర్వాత కరోనా రెండు దఫాలుగా రావడం, ఇవన్నీ ఉద్యోగంలో ఉండగానే చూశాను. ఆ అనుభవంతో మీ చివరి రెండు ప్రశ్నలకు ముందే జవాబు చెబుతాను: కంచె వద్దు, కాన్సంట్రేటర్ ఇప్పుడే వద్దు. కారణాలు దిగువన వివరిస్తాను. మొదటి ప్రశ్నకు మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

2021 వేసవిలో నేను దగ్గరగా చూసిన మరణాల్లో చాలావాటి వెనుక ఉన్నది ఆలస్యం. జ్వరం వచ్చిన రెండో రోజో మూడో రోజో బయటపడవలసిన మనిషి తొమ్మిదో రోజున, ఊపిరాడని స్థితిలో బయటపడేవాడు. ఎందుకు దాచారన్నది అర్థం కానంతవరకు ఏ సంఘమైనా, ఎంత కష్టపడినా, పని పక్కదారి పడుతుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ సంవత్సరం మే నెలలో ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే చేయించింది. ఆశా కార్యకర్తతో కలిసి నేను ఒక రైతు ఇంటికి వెళ్లాను. యాభై దాటిన మనిషి, వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని, "ఏం లేదు సార్, ఎండకు తిరిగిన, జర ఒళ్లు నొప్పులంతే" అన్నాడు. గోడకు మేకుకు వేలాడుతున్న క్యారీబ్యాగులో పారాసిటమాల్ ఖాళీ షీట్లు మూడు కనిపిస్తున్నాయి. రాసుకునే గడిలో ఆశా కార్యకర్త "లేదు" అని రాసింది, ఎందుకంటే ఆయన లేదనే చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన కొడుకు ఫోన్ చేసేసరికి రక్తంలో ఆక్సిజన్ 82 శాతానికి పడిపోయి ఉంది. 108 వాహనంలో జిల్లా ఆసుపత్రికి తరలించారు. పన్నెండు రోజులుండి బతికి వచ్చాడు, అది ఆయన అదృష్టం. తర్వాత ఆయన భార్యను, ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "జరమని రాస్తే మా పాలు ఎవరు పోయించుకుంటరు సార్? కల్లంల వడ్లు ఎవరు చూస్తరు?" అని ఎదురడిగింది.

యాసంగి వడ్లు కల్లంలో ఉన్నాయి. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు (తూకం వేయరు) కాబట్టి రోజూ ఎండబోయాలి, సాయంత్రం కుప్ప చేయాలి, మబ్బు పడితే పట్టాలు కప్పాలి. వడ్లు అమ్ముకునే టోకెన్ రెండు రోజుల్లో రావలసి ఉంది. ఇంట్లో రెండు బర్రెలు పాలిస్తున్నాయి. జ్వరమని తెలిస్తే కేంద్రంలో పాలు పోయించుకోరు, కల్లానికి రానివ్వరు, బోరింగ్ దగ్గర బిందె పెట్టనివ్వరు. మేము ఆయనను జ్వరం ఉందా అని అడిగాం గాని, జ్వరముంటే నీ వడ్లు మేము చూసుకుంటాం అని చెప్పలేదు. అలా చెప్పగలిగిన వారు ఆ ఊళ్లో నలభై మంది యువకులున్నారు. వారు ఆ సమయానికి పొలిమేరలో కంచె దగ్గర కాపలా కాస్తున్నారు.

కాబట్టి మీ సంఘం చేయవలసిన అసలు పని, జ్వరం వచ్చిన ఇల్లు ఆ మాటను భయం లేకుండా బయటకు చెప్పుకునే పరిస్థితి కల్పించడం. వైద్యం చేసేవారు, పరీక్షలు చేసేవారు, మందులిచ్చేవారు వేరే ఉన్నారు. బర్రెను పిండేవారు, వడ్లకు కాపలా ఉండేవారు, మోటరు వేసి వచ్చేవారు, చౌక దుకాణం నుంచి బియ్యం తెచ్చి గడప దగ్గర పెట్టేవారు ప్రభుత్వంలో ఏ శాఖలోనూ లేరు.

దీన్ని నోటిమాటగా వదిలేయకండి. జ్వరమని చెప్పిన ఇంటికి సంఘం ఏమేమి చేస్తుందో ఒక కాగితం మీద రాసి, సర్పంచ్ సంతకంతో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి. పశువులకు మేత, నీళ్లు, పాలు పిండడం, పొలానికి నీళ్లు పెట్టడం, కల్లం కాపలా, కాంటా రోజు మనిషిని పంపడం, బియ్యం, కూరగాయలు, గ్యాస్ సిలిండర్, బీపీ, షుగర్ గోలీలు, ఫోన్ రీచార్జి. ఇంతే చాలు, కాని రాసినది రాసినట్టు జరగాలి. మొదటి ఇంటి విషయంలో మాట తప్పారో, రెండో ఇల్లు నోరు విప్పదు. పాల కేంద్రం నిర్వాహకులతో మాత్రం వ్యాధి రాకముందే మాట్లాడి పెట్టుకోవాలి. జ్వరమున్న ఇంటి పశువును ఆరోగ్యంగా ఉన్న మరొకరు, తమ సొంత క్యాన్‌లో పిండి తెస్తే పోయించుకోవాలని వారిని ఒప్పించాలి. ఈ ఒక్క ఒప్పందం మాస్కుల పంపిణీ కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఇక కంచె సంగతి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైన వారంలోనే మన జిల్లాల్లో ఎన్నో ఊళ్లు తుమ్మకంపతో, ఎడ్లబండ్లతో, మొద్దులతో దారులు మూసుకున్నాయి. ఆ కంచెలకు అడ్డం పడ్డది గర్భిణులను తీసుకుపోయే 102 వాహనం, డయాలసిస్‌కు వారానికి రెండుమూడుసార్లు పోవలసిన రోగి, బ్యాంకుకు పోయే ముసలమ్మ. వ్యాధి అప్పటికే పెళ్లి నుంచి వచ్చిన చుట్టంతోనో, పట్నం నుంచి వచ్చిన కొడుకుతోనో లోపలికి వచ్చేసి ఉండేది. పైగా ఒక ప్రాంతాన్ని మూసే అధికారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా యంత్రాంగానిదే, సంఘానిది కాదు. మా తాత గత్తర (కలరా) రోజుల గురించి చెప్పేవాడు: ఊరంతా కదిలి చేలల్లో గుడిసెలు వేసుకుని, గుడిసెకూ గుడిసెకూ నడుమ దూరం పెట్టుకుని ఉండేవారట, కాని అంబలి మాత్రం ఒకే పొయ్యి మీద కాచేవారట. దూరంగా ఉండటం మన పెద్దలకు తెలిసిన విద్యే, వెలివేయడం దానికి పూర్తిగా వేరైన పని.

పిచికారీ గురించి రెండు మాటలు చాలు. మనుషుల మీద రసాయనాలు చల్లకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే స్పష్టంగా చెప్పింది. ఊపిరి ద్వారా వ్యాపించే వ్యాధికి సీసీ రోడ్డును తడిపినందువల్ల ప్రయోజనం లేదు. మీ దగ్గర బ్లీచింగ్ పౌడర్ ఉంటే తాగునీటి ట్యాంకులో సరిగ్గా కలిసేలా పంచాయతీ సిబ్బందికి తోడ్పడండి. వచ్చే మహమ్మారి నీళ్ల ద్వారా వచ్చేదైతే అదే అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఇళ్ల పుస్తకం. మీకున్న 34 మందిలో ఇంట్లో ముసలివారు, షుగర్ రోగులు, బాలింతలు ఉన్నవారిని ఇల్లిల్లూ తిరిగే పనిలో పెట్టకండి. వారికి ఫోన్లు చేయడం, లెక్కలు రాయడం, సరుకులు మూటగట్టడం అప్పగించండి. మిగిలేది ఇరవై మంది అనుకుంటే పది జతలవుతాయి. ఊళ్లో నాలుగు వందల ఇళ్లుంటే జతకు నలభై ఇళ్లు వస్తాయి. ఒక్కరుగా ఎవరినీ పంపకండి, జతలో ఒకరైనా ఆ వాడకు చెందినవారై ఉండాలి. మాల, మాదిగ వాడలకు, తండాకు బయటి పిల్లలను పంపి, తమ వాడలో తాము తిరిగే సంఘాలను చూశాను. అక్కడి ఇళ్లు తలుపు తీయలేదు, తప్పు వారిది కాదు.

పుస్తకంలో ప్రతి ఇంటికీ ఒక పేజీ. ఎంతమంది, ఎవరి వయసెంత అనేది అందరూ రాస్తారు. వాటితో పాటు రాయవలసినవి ఇవి: ఒంటరిగా ఉండే ముసలివారు ఎవరు, బీపీ, షుగర్, ఫిట్స్ గోలీలు ఎవరు వాడుతున్నారు, అవి ఏ తారీఖుకు అయిపోతాయి, టీబీ మందులు మధ్యలో ఉన్నవారు, ఏ నెలలో ఎవరికి కాన్పు, రేషన్ కార్డు ఉందా లేదా, మనిషిని వేరుగా ఉంచడానికి గది, మరుగుదొడ్డి ఉన్నాయా, పాడి ఎంత. చివరగా, ఎవరూ రాయని గడి ఒకటి ఉంది: ఆ ఇంట్లో వాళ్లు ఎవరి మాట వింటారు. ఒక ఇంటికి అది పెద్దబాపు కావచ్చు, ఇంకో ఇంటికి అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, మరో ఇంటికి బొంబాయిలో ఉన్న మేనల్లుడు కావచ్చు. మొండికేసిన రోగిని ఆసుపత్రికి కదిలించవలసిన రాత్రి మీకు కావలసింది ఆ ఒక్క ఫోన్ నంబరే.

రేషన్ కార్డు గడి ఎందుకంటే, 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని కుటుంబాలు, కొత్తగా వేరుపడిన కొడుకూ కోడలూ ఆ జాబితా బయట మిగిలిపోయారు. మీ కూరగాయల సంచి సర్పంచ్ ఇంటికీ వెళ్లింది, అరవై ఎకరాల ఆసామి ఇంటికీ వెళ్లింది. పుస్తకం ఉండి ఉంటే అదే డబ్బుతో అలా మిగిలిపోయిన కుటుంబాలకు నెల రోజుల పప్పు, నూనె ఇచ్చేవారు.

ఈ పుస్తకం ఇద్దరి దగ్గర మాత్రమే ఉండాలి. ఎవరింట్లో జ్వరమో వాట్సాప్ గ్రూపులో ఒక్కసారి పడిందంటే, నేను పైన చెప్పినదంతా నీళ్లపాలే. సరుకులిస్తూ ఫోటోలు దిగడమూ అంతే. ఇచ్చేవారు పదిమంది, పుచ్చుకునే ముసలమ్మ ఒక్కతె ఉన్న ఫ్లెక్సీలను నేను జడ్చర్ల నుంచి మిర్యాలగూడ దాకా చూశాను. వాటిని చూసి సాయమడగడానికి వెనకాడిన వారిని కూడా చూశాను.

ఆశా కార్యకర్తతో మీ సంబంధం ఎలా ఉండాలన్నది ఇక్కడే చెప్పాలి. సుమారు వెయ్యి మందికి ఒక ఆశా ఉంటుంది. ఆమెకు సర్వే, మందుల కిట్లు, టీకాలు, గర్భిణుల నమోదు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆమె చేతిలోని రిజిస్టరుకు పోటీగా మీరొక సర్వే మొదలుపెడితే జనం విసిగిపోతారు, ఆమె నొచ్చుకుంటుంది. ఆమె వెంట వెళ్లండి, ఆమె రాసుకునేటప్పుడు మీరు పశువుల సంగతి, వడ్ల సంగతి అడగండి. సాయంత్రం ఐదు నిమిషాలు ఆమె రిజిస్టరు, మీ పుస్తకం పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఆమె "లేదు" అని రాసిన చోట మీకు "మూడు రోజులుగా పొలానికి రావడం లేదు" అని కనిపిస్తుంది. ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సు), పంచాయతీ కార్యదర్శి, మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏ కూడా ఆ ఐదు నిమిషాల్లో ఉంటే మరీ మంచిది. ట్రాక్టరు, ట్యాంకరు పంచాయతీవి. ధాన్యం కొనుగోలు కేంద్రం నడిపేది చాలా ఊళ్లలో మహిళా సంఘాలే.

మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లవారు ఇది చదువుతుంటే వారికొక ప్రత్యేకమైన మాట. కోస్గి, మద్దూరు, దామరగిద్ద ప్రాంతాల నుంచి ముంబయి, పుణే పనులకు పోయిన కుటుంబాలు 2020 మేలో ఒక్కసారిగా తిరిగి వచ్చాయి. సొంత ఊరి మనుషులే వారిని బస్సు దిగనివ్వని చోట్లున్నాయి. వలస పోయినవారి వివరాలు ఏ ఆఫీసు జాబితాలోనూ పూర్తిగా దొరకవు, కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఫోన్‌లో దొరుకుతాయి. ఏ గుంపులో ఎందరు, ఏ అడ్డాలో ఉన్నారు, పిల్లలెందరు, ఎప్పుడు బయలుదేరతారు అన్నది అతనికే తెలుసు. మీ ఊరి మేస్త్రీల నంబర్లు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. బస్సు ఊళ్లోకి వచ్చాక బడి తాళం కోసం వెతకడం కాదు, వారు షోలాపూర్ దాటకముందే గదులు, నీళ్లు, ఆడవాళ్లకు వేరుగా స్నానాల చోటు సిద్ధం కావాలి. నల్గొండ వైపు భివండి, సూరత్ మగ్గాల మీదికి పోయిన పద్మశాలి కుటుంబాలకూ ఇదే పద్ధతి.

వేరుగా ఉండడమనే మాట ఒంటిగది ఇళ్లకు ఎంత బరువో పట్నపు ప్రకటనలు రాసేవారికి తెలియదు. 2021 మేలో మన నల్గొండ జిల్లాలోనే ఒక విద్యార్థి, ఇంట్లో వారికి అంటుతుందేమోనని, చెట్టు కొమ్మల మీద కర్రలతో పడక కట్టుకుని పదకొండు రోజులు గడిపిన సంగతి పత్రికల్లో వచ్చింది. చాలామంది ఆ కుర్రవాణ్ణి మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ఊరి బడిలో ఆ రోజుల్లో ఎన్ని గదులు తాళం వేసి ఉన్నాయో అనిపించింది. మీ కమ్యూనిటీ హాలు దీనికి పనికిరాదు. ఒకే పెద్ద గది, రెండు కిటికీలు, ఒకే మరుగుదొడ్డి. బడి గదులు మేలు: ఎదురెదురు కిటికీలుంటాయి, వరండా ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడు, పంచాయతీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి ముగ్గురి అనుమతి ఉండాలి. దోమతెరలు, బకెట్లు, రాత్రి కరెంటు పోతే వెలుతురు, ఆడవాళ్ల గదులకు లోపలి గడియ, అన్నం ఇంటి నుంచే వచ్చే ఏర్పాటు చూసుకోండి. హాలును మీరు సరుకుల నిల్వకు, ఫోన్ల దగ్గర కూర్చునే వారికి వాడుకోండి, కిటికీలు మాత్రం తెరిచే ఉంచండి. సమావేశం పెట్టవలసి వస్తే వేపచెట్టు కింద పెట్టుకోండి.

డబ్బు విషయానికొస్తే, ఆ 46 వేలతో మొదట కొనవలసింది పల్స్ ఆక్సీమీటర్లు (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరాలు), పది జతలకు పది. సాధారణ రోజుల్లో ఒక్కొక్కటి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. 2021లో అవసరం పడ్డాక కొనబోయిన వారికి రేటు ఎంతకు పెరిగిందో గుర్తుండే ఉంటుంది. కొనడం సులువే, చూడటం నేర్చుకోవాలి. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. కైకిలికి (కూలిపనికి) పోయి వచ్చిన చేతికి మట్టి, పసుపు, గోళ్లరంగు ఉంటే కడిగించి తుడవాలి. చల్లబడిన వేళ్లను రుద్ది వెచ్చబరచాలి. చూపుడు వేలికో నడిమి వేలికో పెట్టి, అంకె ఆడకుండా నిలిచేదాకా ఆగి, అప్పుడు రాసుకోవాలి. ఆ తర్వాత ఆరు నిమిషాలు గదిలోనే నడిపించి మళ్లీ చూడాలి. కూర్చున్నప్పుడు 96 ఉండి, నడిచాక 92కు దిగిన మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నా సరే, ఆ రోజే వైద్యుని దగ్గరికి వెళ్లాలి. 94 కంటే తగ్గితే ఇంట్లో ఉంచకూడదన్నది కరోనా కాలంలో అందరూ పాటించిన గీత. నల్లని చర్మం మీద ఈ పరికరం ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉంది కాబట్టి, మన ఎండల్లో పనిచేసే మనుషుల విషయంలో 94 అంటే అనుమానించవలసిన అంకెగానే తీసుకోండి. రోజుకు రెండుసార్లు, ఒకే మనిషికి ఒకే పరికరంతో చూసి, తారీఖు, సమయం వేసి ఇంటి పేజీలోనే రాయండి. వాడిన ప్రతిసారీ స్పిరిట్ దూదితో తుడవండి.

కాన్సంట్రేటర్ ఎందుకు వద్దంటున్నానంటే, ఐదు లీటర్ల పరికరం ధరకు మీ డబ్బు చాలకపోవచ్చు, చాలినా దాన్ని నడిపించే వైద్య పర్యవేక్షణ మీ దగ్గర ఉండదు. కరెంటు పోతే ఆగిపోతుంది, ఫిల్టర్లు మార్చాలి, ఏడాది మూలనపడితే అవసరానికి పనిచేయదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఊళ్లో పరికరం ఉందన్న ధైర్యంతో ఆసుపత్రికి పోవలసిన మనిషిని ఇంట్లోనే ఉంచుతారు. ఆ డబ్బులో కొంత భాగాన్ని రవాణాకు పక్కన పెట్టండి. 108 అందరికీ ఒకేసారి అందదు. ఊళ్లోని ఇద్దరు ముగ్గురు ఆటో, జీపు యజమానులతో ముందే మాట్లాడి, అర్ధరాత్రి నల్గొండకో దేవరకొండకో పోవడానికి కిరాయి ఖరారు చేసుకుని, అద్దాలు దించి, డ్రైవరుకూ రోగికీ మాస్కుతో ఎలా పోవాలో నేర్పించండి. కిరాయి సంఘం కడుతుందని తెలిస్తే ఇంటివారు తెల్లారేదాకా ఆగరు.

ఆర్‌ఎంపీల (డాక్టరు డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసేవారి) గురించి మాట్లాడకుండా మన పల్లెల ఆరోగ్యం గురించి మాట్లాడలేం. జ్వరం వస్తే మొదట పిలిచేది ఆయననే. వద్దంటే మానరు, తిడితే మీతో మాట్లాడరు. రెండో దఫాలో నేను చూసిన పెద్ద పొరపాటు, జ్వరం వచ్చిన రెండో రోజునే స్టెరాయిడ్ సూది వేయడం. జ్వరం దిగుతుంది, రోగి లేచి తిరుగుతాడు, అందరూ హస్తవాసి అంటారు, తొమ్మిదో రోజున పడిపోతాడు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన రోగులకు మేలు చేస్తుందని, అవసరం లేనివారికి చేయదని బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ఔషధ పరీక్షలో 2020 జూన్‌లోనే తేలింది. షుగర్ ఉన్నవారికి విచ్చలవిడిగా ఇచ్చిన స్టెరాయిడ్లు బ్లాక్ ఫంగస్‌కు దారి తీసిన సంగతి ఆ తర్వాత అందరూ చూశారు. మీరు ఆర్‌ఎంపీని వైద్యాధికారి దగ్గర కూర్చోబెట్టి రెండు విషయాలకు ఒప్పించగలిగితే చాలు: వైద్యాధికారి చెప్పనిదే స్టెరాయిడ్ ఇవ్వకూడదు, తన దగ్గరికి వచ్చిన ప్రతి జ్వరం కేసు సాయంత్రానికి ఆశా చెవిన వేయాలి. ఆయనకు మర్యాద తగ్గకుండా మాట్లాడితే ఒప్పుకుంటారు, నేను ఒప్పించిన వారిలో ఎక్కువమంది మాట నిలబెట్టుకున్నారు.

సమాచారం విషయంలో ఒకటే నియమం పెట్టుకోండి. సంఘం పేరు మీద రోజుకు ఒకే ఒక్క ఆడియో, రాత్రి ఏడు గంటలకు, వైద్యాధికారి గాని ఏఎన్‌ఎం గాని సరేనన్నదే వెళ్లాలి. ఫోన్ లేని ఇళ్లకు పంచాయతీ మైకు, డప్పు చాటింపు ఉన్నాయి. చాటింపు వేసే మనిషికి ఆ రోజు కూలి సంఘం ఇవ్వాలి, ఉట్టిగా వేయించుకోకండి. తండాకు లంబాడీలోనే, అక్కడి ఆడపిల్ల గొంతుతో చెప్పించండి.

టీకాలు వచ్చినప్పుడు కూడా ఇంటి లెక్కే దారి చూపుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటినవారికి టీకాలు మొదలైనప్పుడు "సూదేస్తే సచ్చిపోతరట" అన్న మాట ఊరూరా తిరిగింది. ఉపన్యాసాలతో అది పోలేదు. ఆ వాడలో పెద్దమనిషి ముందు వేయించుకుని రెండో రోజు పొలంలో కనిపించాక పోయింది. ఇంకో అడ్డంకి ఎవరూ పట్టించుకోలేదు: సూది తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులుంటే కైకిలి పోతుంది. నాట్ల సమయంలో ఏ ఆడమనిషీ ఆ రెండు రోజులు వదులుకోలేదు. వాడ బడిలోనే శిబిరం పెట్టమని, పనులు తక్కువగా ఉన్న రోజు ఎంచుకోమని వైద్యాధికారిని అడగవలసింది మీరే, ఎందుకంటే ఊరి పనుల క్యాలెండరు ఆయనకు తెలియదు.

చావు గురించి రాయడం కష్టమే అయినా వదిలేయలేను. 2021లో ఒక ఊళ్లో తండ్రి శవాన్ని మోసేందుకు నాలుగో మనిషి దొరకక, కొడుకు జేసీబీ తెప్పించుకున్నాడు. ఆ యంత్రం చప్పుడుకు వీధిలో కిటికీలన్నీ మూసుకున్నాయి. ఆ కొడుకు ఇప్పటికీ ఆ ఊరి బతుకమ్మకు గాని దసరాకు గాని రాడు. తగిన జాగ్రత్తలతో మృతదేహాన్ని తరలిస్తే అదనపు ప్రమాదం లేదని, దూరం నుంచి ముఖం చూపించవచ్చని, తాకకుండా చేసే మతాచారాలు జరుపుకోవచ్చని, చితాభస్మంతో ఏ ప్రమాదమూ లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే మార్గదర్శకాల్లో రాసింది. స్నానం చేయించడం, మీద పడి ఏడవడం మాత్రం వద్దంది. మీ సంఘంలో ఎనిమిది మంది ముందే ముందుకు వచ్చి, గ్లౌజులు, మాస్కులు, గౌన్లు వేసుకోవడం, ముఖ్యంగా విప్పడం, ఏఎన్‌ఎం దగ్గర నేర్చుకుని ఉండాలి. ఆ ఎనిమిది మంది పేర్లు కూడా నోటీసు బోర్డు మీది కాగితంలో ఉండాలి.

పోయినవారి కాగితాలు కూడా సంఘం పనే. కరోనా మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం ప్రకటించినప్పుడు మీసేవలో దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. పాజిటివ్ రిపోర్టు, మరణ ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చాయి. ఆసుపత్రి హడావిడిలో రిపోర్టు ఎక్కడ పోయిందో తెలియనివారు ఆఫీసుల చుట్టూ నెలల తరబడి తిరిగారు. కాబట్టి ప్రతి రోగి పరీక్ష రిపోర్టు, మందుల చీటీ జిరాక్సు తీసి, ఇంటివారు ఒప్పుకుంటే, ఇంటి పేజీకి పిన్ను చేసి ఉంచండి. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడానికి బంధువుల నిర్ణయం కోసం ఆగకండి.

లెక్కలు ప్రతి ఆదివారం నోటీసు బోర్డు మీద పెట్టండి, ఎవరిచ్చిన చందా ఎంత, దేనికి ఖర్చు అన్నది పైసాతో సహా. చందా డబ్బు మీద అనుమానం మొదలైతే పుస్తకం మీద కూడా నమ్మకం పోతుంది.

ఇదంతా మహమ్మారి వచ్చాక మొదలుపెట్టే పని కాదు కాబట్టి, ఈ వానాకాలంలోనే ఒక నెల చేసి చూడండి. మన దగ్గర వానలు పడ్డాక డెంగీ, వైరల్ జ్వరాలు ఎలాగూ వస్తాయి. పది జతలు, జతకు నలభై ఇళ్లు, పది ఆక్సీమీటర్లు, సాయంత్రం ఐదు నిమిషాలు. జ్వరం వచ్చిన ఇంటి బర్రెను నిజంగానే పిండి, పాలు నిజంగానే కేంద్రంలో పోసి చూడండి. నెల చివర పుస్తకం తీసుకుని వైద్యాధికారి దగ్గరికి వెళ్లండి. ఆయన అక్కర్లేదన్న గడిని కొట్టేయండి, ఆశా కార్యకర్త కావాలన్న గడిని కలపండి. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని గణపతి చందా పుస్తకం పక్కన, అదే బీరువాలో పెట్టి తాళం వేయండి.